జాగిలం ఎవరిది?

తెలుగు పేపర్లలో క్రైమ్ పేజీ చదివే అలవాటు ఉన్నవాళ్ళకి ఈ వరుస కంఠతా వచ్చి ఉంటుంది: పోలీసులు వచ్చారు, క్లూస్ టీం వచ్చింది, జాగిలాలను రప్పించారు. మామూలు మాటల్లో జాగిలం అని ఎవరం అనం. బర్కత్‌పుర చమన్ చుట్టూ పొద్దున్నే కుక్కల్ని తిప్పేవాళ్ళలో ఒక్కరూ "మా జాగిలానికి ఒంట్లో బాలేదు" అనగా వినలేదు. ఈ మాట ఇప్పుడు ముఖ్యంగా రెండు చోట్ల బతికుంది, పోలీసు వార్తల్లోనూ పాత కావ్యాల్లోనూ. కావ్యాల్లోనైనా నిఘంటువుల్లోనైనా దాని అర్థం ఒకటే, వేటకుక్క.

ఇంతకీ చమన్ చుట్టూ తిరిగే కుక్కలు ఏవి? లాబ్రడార్ నీళ్ళలో పడ్డ బాతుల్ని నోట కరిచి తేవడానికి తయారైన కుక్క. బీగిల్ కుందేళ్ళ వెంట పడటానికి. ఆ పొట్టి కాళ్ళ డాక్స్‌హుండ్ జర్మనీలో బొరియల్లోకి దూరి జంతువుల్ని బయటికి లాగడానికి. అంటే మన అపార్ట్‌మెంట్లలో ఉన్నవి చాలావరకు వేటకుక్కలే, కాకపోతే వేరేవాళ్ళ వేటకి పుట్టినవి. ఏ దొర పెంచాడు, ఏ ఎస్టేట్‌లో పుట్టింది, ఏ ఏడు క్లబ్బులో నమోదైంది అన్నీ ఫోన్‌లో దొరుకుతాయి. అదే దక్కన్‌లో వెయ్యేళ్ళకు పైగా పరిగెత్తిన కుక్కల గురించి వెతికితే నాలుగు కథలు, ఒక రాయి, కొన్ని పద్యాలు, ఒక తపాలా బిళ్ళ తగులుతాయి.

ఉన్న ఆ కాసిని ఆధారాల్ని వరసగా పెట్టి చూస్తే ఒక విషయం తేలుతుంది. కుక్కకి చరిత్ర ఉండాలంటే దాన్ని పెంచినవాడికి కాగితం ఉండాలి. కాగితం ఉన్నవాడు పెంచితే అది జాతి కుక్క, ఆయన బ్రీడర్. కాగితం లేనివాడు పెంచితే అది ఊరకుక్క, అతను దొంగ వేటగాడు.

ఓడిపోయిన కుక్కలు

దక్కన్‌లో వేటకుక్కలు మొదట కనిపించేది నగరాలు పుట్టే చోట. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ 1530లలో విజయనగరం గురించి రాసిన వృత్తాంతంలో ఒక కథ ఉంది. రాజు నది దాటి వేటకి వెళ్తాడు. కుక్కల్ని ఉసిగొల్పితే కుందేలు పారిపోకుండా వెనక్కి తిరిగి కుక్కల్నే కరుస్తుంది. రాజు ఆశ్చర్యపోతాడు. అక్కడ తపస్సు చేసుకుంటున్న ముని ఇది వీరభూమి, ఇక్కడ నగరం కట్టు అంటాడు. మన స్కూలు పుస్తకాల్లో ఆ ముని విద్యారణ్యుడు, వేటకి వెళ్ళింది హరిహర బుక్కరాయలు.

15వ శతాబ్దంలో బహమనీ సుల్తాన్ అహ్మద్ షా గుల్బర్గా నుంచి రాజధానిని బీదర్‌కి మార్చాడు. ఆ మార్పుకీ ఇలాంటి కథే చెప్తారు. అక్కడ కుందేలు బదులు నక్క. అదీ కుక్కల మీదికి తిరగబడింది. గుజరాత్‌లో అహ్మదాబాద్‌కీ ఇదే కథ. మతం మారింది, భాష మారింది, కథ మాత్రం మారలేదు.

ఈ కథల్ని చరిత్రకారులు నేల మహిమ చెప్పే ఐతిహ్యాలుగా చదువుతారు. అది సరైనదే. కానీ కుక్క వైపు నుంచి చదివితే ఇంకోటి కూడా కనిపిస్తుంది. రాజు వేటకి వెళ్తే కుక్కలు ఉండి తీరాలన్నది కథ చెప్పేవాడికీ వినేవాడికీ వివరించనక్కర్లేని విషయం. వేటకుక్క ఓడిపోవడం నమ్మలేని వింత అయితే తప్ప ఈ కథ పని చెయ్యదు. అంటే అవి మామూలుగా గెలిచేవి, ఎంత మామూలుగా అంటే గెలిచినప్పుడు ఎవరూ రాసుకోలేదు. ఓడినప్పుడు మాత్రం ఒక రాజధాని కట్టారు.

కాళి

పేరుతో సహా నిలిచిన కుక్క ఒకటుంది. కర్ణాటకలో మండ్య దగ్గర ఆతకూరులో దొరికిన శాసనం, కాలం క్రీ.శ. 949-50. రాష్ట్రకూట మూడో కృష్ణుడు తక్కోలం యుద్ధంలో చోళుల్ని ఓడించాడు. చోళ యువరాజు రాజాదిత్యుడు ఏనుగు మీదే చనిపోయాడు. ఆ యుద్ధంలో కృష్ణుడి పక్షాన పోరాడిన గంగ రాజు బూతుగుడి దగ్గర మణలేరుడు అనే వీరుడు ఉన్నాడు. అతని పరాక్రమానికి మెచ్చి ఏం కావాలో కోరుకొమ్మంటే అతను ఊళ్ళు అడగలేదు, బంగారం అడగలేదు. కాళి అనే వేటకుక్కని ఇమ్మన్నాడు.

తర్వాత ఒక కొండ దగ్గర పెద్ద అడవిపంది మీదికి కాళిని వదిలారు. పందీ కుక్కా పోరాడి రెండూ చచ్చిపోయాయి. కాళి కోసం ఆతకూరులో చల్లేశ్వర గుడి ముందు రాయి నిలబెట్టి, భూమి దానం చేశారు. రాయి మీద కుక్కా పందీ తలపడుతున్న బొమ్మ ఉంది. శాసనం చివర ఒక షరతు పెట్టారు. ఆ గుడి చూసుకునే గొరవ, అంటే శైవ పూజారి, ఆ రాయికి పూజ చెయ్యకుండా అన్నం తింటే కుక్క చేసిన పాపం అతనికి చుట్టుకుంటుందట. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది.

చోళ రాష్ట్రకూట యుద్ధానికి ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి ఒక కుక్క సమాధి రాయి అంటే, ఆ కాలంలో మంచి వేటకుక్క విలువ ఎంతో ఊహించొచ్చు.

దాదాపు 180 ఏళ్ళ తర్వాత కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథం రాశాడు. కళ్యాణి అంటే ఇప్పటి బసవకళ్యాణ్, 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోదే. రాజు వినోదాలు చెప్తూ పొట్టేళ్ళ పోట్లాటలు, కోడిపందేల సరసన 'సారమేయ వినోదం' కూడా పెట్టాడు. సారమేయం అంటే కుక్క. కుక్కల్ని పోషించడం, వాటితో వేటాడటం ఒక శాస్త్రంగా రాసుకునే స్థాయికి వచ్చిందన్నమాట. తెలుగు ప్రబంధాల కాలానికి వేట వర్ణన ఆనవాయితీ అయిపోయింది. 'మనుచరిత్ర'లో స్వరోచి వేట, ధూర్జటి 'శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం'లో తిన్నడి వేట చదివినవాళ్ళకి తెలుసు.

ఈ రెండు వేటలకీ తేడా ఉంది. స్వరోచి రాజు, వేట అతనికి ఆట. తిన్నడు బోయల ఇంట పుట్టినవాడు, వేట అతనికి కూడు. అవే కుక్కలు, అదే అడవి, కానీ ఒకరిది వినోదం, ఒకరిది బతుకు.

ఏకలవ్యుడి దగ్గరికి వచ్చిన కుక్క

ఈ తేడా ఎంత పాతదో చెప్పడానికి భారతంలో ఒక్క ఘట్టం చాలు. ద్రోణుడు కాదన్నాక ఏకలవ్యుడు అడవిలో మట్టిబొమ్మ పెట్టుకుని సొంతంగా విలువిద్య నేర్చుకుంటున్నాడు. ఆ సంగతి ఎవరికీ తెలీదు. పాండవులు వేటకి వచ్చారు. వాళ్ళ కుక్క దారి తప్పి ఏకలవ్యుణ్ణి చూసి మొరిగింది. అతను దాని నోటి నిండా బాణాలు కొట్టాడు. కుక్క ఆ బాణాలతోనే తిరిగి యజమానుల దగ్గరికి పోయింది. ఇంత గొప్పగా కొట్టినవాడు ఎవడని వాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. తర్వాత బొటనవేలు సంగతి మనకి తెలిసిందే.

బొటనవేలు గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. కుక్క గురించి తక్కువ. ఆ కథలో ఏకలవ్యుణ్ణి పట్టిచ్చింది రాజుల వేటకుక్క. అడవిలో వేట తెలిసిన మనిషిని అదే వాసన పట్టి బయటికి తెచ్చింది.

ఎరుకలవాళ్ళు ఏకలవ్యుణ్ణి తమ మూలపురుషుడిగా చెప్పుకుంటారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ ఎరుకల్నే బ్రిటిష్ ప్రభుత్వం 1911 చట్టం కింద నేరస్థ తెగగా ముద్ర వేసింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంట్ పుట్టింది ఆ చట్టం నీడలోనే. ఆ ముద్ర దశాబ్దాల పాటు పోలేదు. కావ్యాల్లో వేటకుక్కకి ఉన్న మాట పోలీసు కుక్కకి రావడం భాషలో యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఏకలవ్యుడి కథ తెలిసినవాళ్ళకి అది అంత యాదృచ్ఛికంగా అనిపించదు.

మనుస్మృతి పదో అధ్యాయం ఊరి బయట ఉండాల్సినవాళ్ళకి కుక్కలు, గాడిదలే ఆస్తి అని నిర్ణయించింది. రాజు దగ్గర కుక్క ఉంటే వైభవం, చండాలుడి దగ్గర ఉంటే అదే అతని అంటరానితనానికి గుర్తు. తర్వాత ఇంగ్లీషువాళ్ళు వచ్చి మన ఊరకుక్కలన్నిటికీ కలిపి 'పరయా డాగ్' అని పేరు పెట్టారు. తమిళనాట డప్పు కొట్టే దళిత కులం పేరు అది. కులాన్నీ కుక్కనీ ఒక్క మాటలో కట్టేశారు. ఇప్పుడు దాని బదులు 'ఇండీ' అంటున్నాం. పేరు మార్చి మంచి పని చేశాం, కాకపోతే పాత పేరు ఎవరిదో కూడా గుర్తుండాలి.

ఒక కుక్క, రెండు పేర్లు

హైదరాబాద్‌లో పురానాపూల్ దాటి గోల్కొండ వైపు పోతే కార్వాన్ వస్తుంది. కుతుబ్‌షాహీల కాలంలో వర్తకుల బిడారులు దిగిన చోటు. దక్కన్‌లో ఆ బిడారుల్లో ముఖ్యులు బంజారాలు, మనం లంబాడీలు అనేవాళ్ళు. వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని మొఘల్ సైన్యాల వెంట కూడా నడిచారు. ఎద్దులకి కాపలా కావాలి, రాత్రి మకాంలో దొంగల భయం ఉంటుంది, దారిలో కుందేలో జింకో దొరికితే కూరకి పనికొస్తుంది. ఈ పనులన్నిటికీ కుక్క కావాలి.

పొడుగు కాళ్ళు, సన్న నడుం, లోతైన ఛాతీ, కంటితో చూసి పరిగెత్తి పట్టే కుక్కలు దక్కన్ పల్లెల్లో ఈ పాత దారుల వెంటే కనిపిస్తాయి. వీటి పూర్వీకులు పశ్చిమాసియా, మధ్యాసియా నుంచి వచ్చిన సలూకీ, తాజీ లాంటి జాతులని ఎక్కువమంది నమ్మకం. గుర్రాలు వచ్చిన దారిలోనే కుక్కలూ వచ్చి, ఇక్కడి ఎండకి, రాళ్ళకి, జొన్న సంగటికి అలవాటు పడ్డాయి. పల్లెల్లో వీటిని కార్వానీ అన్నారు. బిడారు కుక్క అని.

20వ శతాబ్దంలో ఉత్తర కర్ణాటకలో ముధోల్ అనే చిన్న సంస్థానాన్ని మాలోజీరావు ఘోర్పడే పాలించాడు. ఆయన ఈ కుక్కల్ని ఇష్టపడి పెంచాడు, ఒక జంటని అయిదో జార్జి చక్రవర్తికి కానుకగా ఇచ్చాడు. అప్పటి నుంచి అది ముధోల్ హౌండ్. ఇవాళ్టికీ ఈ గొడవ తేలలేదు. ఒక కెన్నెల్ క్లబ్బులో ఆ కుక్క పేరు కారవాన్ హౌండ్, ఇంకో క్లబ్బులో ముధోల్ హౌండ్. ఒక పేరు నడిచినవాళ్ళది, ఒక పేరు కూర్చున్నవాడిది.

ఏ పేరు గెలిచిందో చెప్పనక్కర్లేదు. 2005లో తపాలా శాఖ వేసిన కుక్కల బిళ్ళల్లో ముధోల్ హౌండ్ ఉంది. 2016లో సైన్యం వీటిని మీరట్‌లో శిక్షణకి తీసుకుంది. 2020లో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో దేశీ జాతుల్ని మెచ్చుకుంటూ ఈ పేరు చెప్పారు. రాజుగారి శ్రమని తీసిపారెయ్యడం లేదు. ఆయన లేకపోతే ఈ కుక్కల గురించి ఈ మాత్రం కూడా మిగిలేది కాదేమో. కానీ ఆయన కొత్త జాతిని సృష్టించలేదు. తండాల్లోనూ పల్లెల్లోనూ తరాలుగా ఉన్నదాన్ని ఎంచుకున్నాడు. ఏ కూనని ఉంచుకోవాలి, దేన్ని దేనితో కలపాలి అనే నిర్ణయాలు అప్పటికే వందల ఏళ్ళుగా ఎవరో తీసుకుంటూ వచ్చారు. బ్రీడింగ్ అంటే ఆ నిర్ణయాలే కదా.

రాజు లేని కుక్క

మరి రాజు దొరకని కుక్క సంగతేంటి? కోస్తాలో జోనంగి ఉంది. కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా గోదావరి జిల్లాల్లో ఉండేది. ఒంటికి అంటుకుపోయినట్టు పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు. మామూలుగా మొరగదు, సాగదీసి కూత పెడుతుంది. నేలలో గొయ్యి తవ్వుకుని పడుకుంటుంది. చిన్న జంతువుల వేటకీ, కొల్లేరు దగ్గర బాతుల మందలు కాయడానికీ వాడేవాళ్ళు. వేటాడే కుక్కకి బాతుని కరవకుండా కాయడం నేర్పడం చిన్న విషయం కాదు. కోరికని అదుపులో పెట్టుకునే స్వభావం తరతరాలుగా ఏరితేనే వస్తుంది.

ఆ తర్వాత కొల్లేరులో చేపల చెరువులు పెరిగాయి. బాతుల వెంట తిరిగే బతుకు తగ్గింది, కుక్కకి పని పోయింది. 2006లో అక్రమ చెరువుల గట్లు తెంచినప్పుడు కొల్లేరు పక్షుల గురించి, చేపల రైతుల గురించి పేపర్లు నిండా రాశాయి. జోనంగి కోసం ఎవరు రాస్తారు? దానికి సంస్థానం లేదు, చక్రవర్తికి కానుకగా వెళ్ళలేదు. ఇప్పుడు కొద్దిమంది ఔత్సాహికులు ఉన్నవాటిని వెతికి పెంచుతున్నారు.

1922

ఇదంతా మన ఊరి గొడవ మాత్రమే అనుకునే వీల్లేదు. వేటకుక్కల చరిత్రని కాస్త సీరియస్‌గా రాసుకున్న ప్రాంతం దక్షిణాఫ్రికా చుట్టుపక్కల దేశాలు. అక్కడ ఖోయ్‌ఖోయ్ పశుపాలకుల కుక్కలకి వీపు మీద వెంట్రుకలు వెనక్కి తిరిగి ఒక గీతలా ఉండేవి. వలస వచ్చిన తెల్ల వేటగాళ్ళు వాటిని తమ కుక్కలతో కలిపారు, సింహాల వేటకి వాడారు. 1922లో ఇప్పటి జింబాబ్వేలోని బులవాయోలో ఫ్రాన్సిస్ బార్న్స్ అనే ఆయన పెంపకందార్లని కూర్చోబెట్టి ఈ కుక్క ఎలా ఉండాలో ప్రమాణం రాయించాడు. అదే రొడేషియన్ రిడ్జ్‌బ్యాక్. ఆ జాతి గుర్తు ఆ వీపు గీతే. ఆ గీత ఎవరి కుక్కలదో వాళ్ళ పేరు జాతి పేరులో లేదు, సెసిల్ రోడ్స్ పేరుంది.

అదే 1922లో ఇప్పటి నమీబియాలో ఇంకోటి జరిగింది. బోండెల్‌స్వార్ట్స్ అనే నామా ప్రజలకి కుక్కలే వేట ఆధారం. వేట మీద బతికితే వాళ్ళు తెల్లవాళ్ళ పొలాల్లో కూలికి రారు. అందుకని ప్రభుత్వం కుక్కల మీద పన్ను వేసింది, తర్వాత దాన్ని పెంచింది. కట్టలేక, ఇంకా ఎన్నో కారణాలతో వాళ్ళు తిరగబడ్డారు. ప్రభుత్వం విమానాలతో బాంబులు వేసింది. ఆడవాళ్ళు, పిల్లలతో సహా వందమంది దాకా చనిపోయారు. ఆ సంగతి నానాజాతి సమితి దాకా పోయింది. ఒకే ఏడాది ఒకవైపు కుక్కకి కాగితం పుట్టింది, ఇంకోవైపు కుక్క ఉన్నందుకు మనుషులు చచ్చిపోయారు.

ఆ ఏడాది ఆగస్టులోనే మన మన్యంలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేశాడు. అక్కడ గొడవ కుక్కల గురించి కాదు. పోడు గురించి, వెట్టి గురించి, 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత అడవి ఎవరిదన్న ప్రశ్న గురించి. కానీ మూడు చోట్లా అడుగున ఉన్న లెక్క ఒకటే. అడవి మీద ఆధారపడి బతికేవాణ్ణి అడవి నుంచి విడదీస్తే గానీ అతను కూలికి రాడు.

వేట ముగిశాక

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముగిసింది. ముగియాల్సిందే. కుక్కలు పందినో కుందేలునో చీల్చడంలో అందం వెతికే ఓపిక నాకు లేదు, మిగిలిన కాసిని జంతువులకి ఆ చట్టం అవసరం. కానీ చట్టం వచ్చాక ఎవరికి ఏం మిగిలిందో చూడాలి. నిజాం వేటాడిన నేల వనస్థలిపురంలో హరిణ వనస్థలి పార్కు అయింది. రాజుల తుపాకులు మ్యూజియాలకి వెళ్ళాయి, ఫోటోలు కాఫీటేబుల్ పుస్తకాలయ్యాయి. నల్లమల చెంచు చేతిలో విల్లు, పక్కన కుక్క ఉంటే మాత్రం అది కేసు. ఇద్దరూ చేసింది వేటే. ఒకరిది వారసత్వంగా మిగిలింది, ఇంకొకరిది నేరంగా.

ఇక మన తరం సంగతి. 'దేశీ బ్రీడ్' మీద ఇప్పుడు కొత్త మోజు, అందులో దేశభక్తి పాలు కూడా కొంత ఉంది. మైళ్ళ కొద్దీ పరిగెత్తడానికి పుట్టిన కుక్కని రెండు బెడ్రూముల ఫ్లాటులో పెట్టి, పెడిగ్రీ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకుంటాం. నా ఉద్యోగం డేటాబేసులతో, కాబట్టి ఆ సర్టిఫికెట్ చూస్తే ముందు కాలమ్స్ కనిపిస్తాయి. తండ్రి కుక్క, తల్లి కుక్క, బ్రీడర్, ఓనర్. ఏ కాలమ్ పెట్టలేదో ఆ సమాచారం పోయినట్టు కూడా ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఖాళీ గడి అయినా కనపడదు. లంబాడీ తండాకో, కొల్లేరు బాతుల కాపరికో అందులో గడి లేదు.

కాగితం లేనివాళ్ళు గుర్తు పెట్టుకోలేదని కాదు. కొమురవెల్లి మల్లన్న, మరాఠీవాళ్ళ ఖండోబా, కన్నడిగుల మైలారలింగ ఒకే దేవుడు. ఖండోబా గుర్రం పక్కన కుక్క పరిగెత్తుతూ ఉంటుంది. మైలార జాతరల్లో వగ్గయ్యలనే భక్తులు దేవుడి కుక్కలమని చెప్పుకుని కుక్కల్లా మొరుగుతారు. 14వ శతాబ్దపు ఓరుగల్లులో మైలార దేవుడి కొలువు ఉందని 'క్రీడాభిరామం' చెప్తుంది. పశువుల కాపరులు, వేటగాళ్ళు తమ దేవుడి పక్కన ఒక కుక్కని నిలబెట్టుకున్నారు. శాస్త్రం కుక్కని మైల అన్నచోటే వాళ్ళు కుక్కనే భక్తికి గుర్తు చేసుకున్నారు. జాతి చరిత్ర రాయాలంటే కెన్నెల్ క్లబ్బు రిజిస్టర్లతో పాటు ఈ జాతరలకీ, తండాలకీ, బాతుల మందల దగ్గరికీ పోవాలి. అక్కడ పెద్దవాళ్ళు ఉండగానే పోవాలి.

ఉన్నవాటిలో మనకున్న గొప్ప కాగితం ఆతకూరు రాయే. అందులో చక్రవర్తి పేరుంది, సామంతుడి పేరుంది, కుక్కని అడిగి తీసుకున్న వీరుడి పేరుంది, కుక్క పేరు కూడా ఉంది. కాళిని కూనగా ఎత్తుకుని, తిండి పెట్టి, పంది మీదికి ఎప్పుడు దూకాలో నేర్పి రాజుగారికి అప్పగించిన మనిషి ఎవరో మాత్రం ఆ రాయి మీద లేదు.